ఆరు సంతకాల షేక్‌స్పియర్

లోకమంతా పేరు తెలిసిన నాటకకర్త. సుమారు 38 నాటకాలు, 154 సానెట్లు ఆయనవని లెక్క. అయినా ఆయన స్వయంగా రాసుకున్న నాటకప్రతి పూర్తిగా ఒక్కటీ మిగల్లేదు. ఇది ఆయన చేతిరాతేనని పండితులంతా ఒప్పుకునేవి ఆరు సంతకాలే. అవి కూడా ఆస్తి పత్రాల మీద, కోర్టు కాగితం మీద, వీలునామా మీద పెట్టినవి. మరి ఇంత సాహిత్యం నాలుగు వందల ఏళ్లు దాటి మనదాకా ఎలా వచ్చింది? తోటి నటులు, కోర్టు రాయసగాళ్లు, అనువాదకులు, ఒక దీవిలోని ఖైదీలు దాన్ని చేతులు మార్చుకుంటూ కాపాడారు. విలియం షేక్‌స్పియర్ గురించిన ఈ విశేషాల్లో వాళ్లందరూ కనిపిస్తారు.

పుట్టినరోజు ఎలా కుదిరింది?

షేక్‌స్పియర్ సొంతూరు ఇంగ్లండ్‌లో ఏవన్ నది ఒడ్డునున్న స్ట్రాట్‌ఫర్డ్. అక్కడి హోలీ ట్రినిటీ చర్చి పుస్తకంలో 1564 ఏప్రిల్ 26న ఆయనకు బాప్టిజం ఇచ్చినట్టు లాటిన్‌లో ఒక పంక్తి ఉంది. పుట్టిన తేదీ మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ఆ రోజుల్లో బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే బాప్టిజం ఇచ్చేసేవారు. పైగా 1616లో ఆయన కన్నుమూసింది ఏప్రిల్ 23న. అది ఇంగ్లండ్‌లో సెయింట్ జార్జ్ పండుగ రోజు కూడా. ఇవన్నీ కలిసి ఏప్రిల్ 23నే ఆయన పుట్టినరోజుగా జరుపుకోవడం ఆనవాయితీ అయింది. 1995లో యునెస్కో ప్రపంచ పుస్తక దినంగా ఎంచుకున్నదీ ఈ తేదీనే.

ప్లేగు ఏటి బిడ్డ

అదే 1564 జూలైలో, అదే చర్చి పుస్తకంలో, ప్లేగు మొదలైందని లాటిన్‌లో రాసి ఉంది. విలియం అప్పటికి మూడు నెలల పసివాడు. తల్లిదండ్రులు జాన్, మేరీలకు అంతకుముందు పుట్టిన ఇద్దరు ఆడపిల్లలూ పసితనంలోనే పోయారు. ఈ బిడ్డ మాత్రం నిలిచాడు.

ప్లేగు ఆయన్ని పెద్దయ్యాకా వదల్లేదు. 1592 నుంచి 1594 దాకా ఆ వ్యాధి వల్ల లండన్ నాటకశాలలు చాలాకాలం మూతపడ్డాయి. ఆ తీరికలో ఆయన కథాకావ్యాల వైపు మళ్లాడు. 1593లో అచ్చయిన ‘వీనస్ అండ్ అడోనిస్’ ఎంతగా అమ్ముడుపోయిందంటే, ఆయన బతికుండగా ఎక్కువసార్లు ముద్రణ పొందిన రచన అదే. 

తోలు పని చేసిన తండ్రి

తండ్రి జాన్ షేక్‌స్పియర్ చేతి తొడుగులు కుట్టి అమ్మేవాడు. 1552లో వీధిలో పెంట కుప్ప వేసినందుకు ఊరి అధికారులు ఆయనకు జరిమానా వేశారు. పదహారేళ్లు తిరిగేసరికి, 1568లో, ఆయనే ఆ ఊరికి పెద్ద అయ్యాడు. పత్రాల మీద పేరు రాయకుండా గుర్తు పెట్టేవాడు. ఆ ఇంటి పని కొడుకు మనసులో నాటుకుపోయింది. మేకపిల్ల తోలు ఎలా సాగుతుందో చెప్పే ఉపమానం ‘రోమియో అండ్ జూలియెట్’లోనూ ఉంది, ‘ట్వెల్త్ నైట్’లోనూ ఉంది.

హామ్నెట్, హామ్లెట్

1582 నవంబరులో యాన్ హాతవేతో పెళ్లి. వరుడికి 18, వధువుకు 26. ఆరు నెలలకే పెద్దకూతురు సుసానా పుట్టింది. 1585లో కవలలు. వాళ్లకు హామ్నెట్, జూడిత్ అని ఇరుగుపొరుగు స్నేహ దంపతుల పేర్లే పెట్టుకున్నారు. 1596 ఆగస్టులో పదకొండేళ్ల హామ్నెట్ చనిపోయాడు. ఆ కాలంలో హామ్నెట్, హామ్లెట్ అనేవి ఒకే పేరుకు రెండు రూపాలు. నాలుగైదేళ్ల తరువాత ఆయన రాసిన ‘హామ్లెట్’ కథకు మూలం పాత డెన్మార్క్ గాథే. కానీ చనిపోయిన తండ్రి కోసం కొడుకు కుమిలిపోయే ఆ నాటకాన్ని రాస్తున్నంతసేపూ ఆ తండ్రి కలం కింద తన బిడ్డ పేరే కదులుతూ ఉండి ఉంటుంది.

మొదటి ప్రస్తావన ఒక తిట్టు

1585 తరువాత ఏడేళ్లపాటు ఆయన ఏం చేశాడో చెప్పే ఆధారాలు దాదాపు లేవు. 1592లో హఠాత్తుగా లండన్‌లో తేలాడు. నాటకరంగంలో ఆయన గురించి అచ్చులో దొరికిన మొదటి మాట ఒక తిట్టు. రాబర్ట్ గ్రీన్ అనే రచయిత పేరిట వచ్చిన చిన్న పుస్తకం, కొత్తగా తలెత్తిన ఈ నటుణ్ణి పరుల ఈకలతో సింగారించుకున్న కాకి అని ఈసడించింది. నెమలి ఈకలు తగిలించుకున్న కాకి కథ మనకూ తెలిసిందే. చదువుకున్న పెద్ద రచయితల మధ్యకు ఒక నటుడు వచ్చి నాటకాలు రాయడం ఎందరికి కంటగింపయిందో ఈ ఒక్క మాటే చెబుతుంది.

సంపాదన కలంతో కాదు

అప్పట్లో ఒక నాటకం రాసిస్తే రచయిత చేతికి వచ్చేది సుమారు ఆరు పౌండ్లు. ప్రతి మీద హక్కులన్నీ నాటక సంఘానివే. షేక్‌స్పియర్‌కు డబ్బు తెచ్చిపెట్టింది వాటాదారుగా ఉండటం. 1594లో ఏర్పడిన లార్డ్ ఛాంబర్లిన్ నాటక సంఘంలో ఆయన వాటాదారు. గ్లోబ్ నాటకశాల కట్టినప్పుడు అందులో పదోవంతు ఆయనది. 1597లోనే 60 పౌండ్లకు సొంతూళ్లో న్యూ ప్లేస్ అనే పెద్ద ఇల్లు కొన్నాడు. నటుడు, రచయిత, భాగస్వామి అన్నీ తానే కావడం వల్ల ఏ నటుడి నోట ఏ మాట పలుకుతుందో ఆయనకు ముందే తెలిసేది.

చోటు మారిన నాటకశాల

లండన్ ఉత్తర శివారు షోర్‌డిచ్‌లో ‘ది థియేటర్’ అనే నాటకశాల ఉండేది. స్థలం కౌలు గడువు తీరింది. స్థలం యజమాని కొత్త కౌలుకు ఒప్పుకోలేదు. నేల ఆయనదే అయినా దాని మీది కట్టడం తమదని ఆ నాటకశాల నడిపే బర్బేజ్ సోదరుల వాదన. 1598 డిసెంబరు చివర్లో, యజమాని ఊళ్లో లేని సమయం చూసి, పీటర్ స్ట్రీట్ అనే వడ్రంగిని, పనివాళ్లను వెంటబెట్టుకెళ్లి దూలాలన్నీ విప్పించేశారు. ఆ కలపతోనే 1599లో థేమ్స్ నదికి దక్షిణాన గ్లోబ్ లేచింది. యజమాని కోర్టుకెక్కినా ఫలితం దక్కలేదు. ‘హామ్లెట్’, ‘ఒథెల్లో’, ‘కింగ్ లియర్’ పలికిన వేదిక ఆ పాత దూలాల మీద నిలిచిందే.

ఒక పెన్నీ, రెండు కాళ్లు

గ్లోబ్‌లో నాటకం మధ్యాహ్నం ఎండవేళ నడిచేది. దీపాల ఏర్పాటు లేదు, తెరల మీద రంగుల దృశ్యాలు లేవు. ఒక పెన్నీ ఇచ్చినవాళ్లు వేదిక ముందు ఆరుబయట నిలబడి చూసేవారు. ఇంకాస్త ఇస్తే పైకప్పు కింద బల్లలు. నిండితే మూడు వేల మంది దాకా పట్టేవారు. అర్ధరాత్రి అయిందన్నా, అడవిలో ఉన్నామన్నా, తుపాను వచ్చిందన్నా మాటతోనే నమ్మించాలి. షేక్‌స్పియర్ మాటలో అంత చిత్రం ఉండటానికి ఆ ఖాళీ వేదిక ఒక కారణం.

జూలియెట్ ఒక కుర్రాడు

ఆనాటి ఇంగ్లండ్ వ్యాపార నాటకశాలల్లో ఆడవేషాలన్నీ మగపిల్లలవే. జూలియెట్, ఒఫీలియా, లేడీ మాక్బెత్ అందరూ గొంతు మారని కుర్రాళ్ల నోటే మొదట పలికారు. షేక్‌స్పియర్ పోయిన 44 ఏళ్లకు, 1660 డిసెంబరు 8న, లండన్‌లో ‘ఒథెల్లో’లోని డెస్డిమోనాగా ఒక స్త్రీ వేదిక ఎక్కింది. ఇంగ్లండ్ వృత్తి నాటకరంగంలో ఆడవాళ్ల రాకను ఆ రోజు నుంచే లెక్కపెడతారు. స్థానం నరసింహారావుగారి సత్యభామను తాతల నోట విని పెరిగిన తెలుగువారికి, వేషంతో, నడకతో, గొంతుతో ఒక మగవాడు స్త్రీని ఎంతగా నమ్మించగలడో వేరే చెప్పక్కర్లేదు.

తిరుగుబాటుకు ముందురోజు నాటకం

1601 ఫిబ్రవరి మొదట్లో ఎసెక్స్ ప్రభువు అనుచరులు గ్లోబ్‌కు వచ్చి, రాజును గద్దె దించే కథ ఉన్న ‘రెండవ రిచర్డ్’ ఆడమన్నారు. పాత నాటకం, జనం రారని నటులు నసిగారు. మామూలు రాబడి మీద 40 షిల్లింగులు అదనంగా ఇస్తామంటే ఒప్పుకున్నారు. ఫిబ్రవరి 7న ఆడారు. మర్నాడే ఎసెక్స్ ఎలిజబెత్ రాణి మీద తిరుగుబాటు చేసి ఓడిపోయాడు. సంఘం తరఫున ఆగస్టీన్ ఫిలిప్స్ అనే నటుణ్ణి విచారించి వదిలేశారు. ఎసెక్స్ తల నరికించడానికి ముందురోజు రాణిగారి ఎదుట ఆడింది కూడా ఈ సంఘమే.

కట్నం కేసులో సాక్షి

1600ల తొలి ఏళ్లలో షేక్‌స్పియర్ లండన్‌లో మౌంట్‌జాయ్ అనే కుటుంబం ఇంట్లో అద్దెకున్నాడు. వాళ్లు ఫ్రాన్స్ నుంచి మతహింసకు తాళలేక వచ్చిన ప్రొటెస్టెంట్లు. ఆడవాళ్ల తలకట్టు అలంకారాలు చేసేవారు. ఆ ఇంటావిడ తమ దగ్గర పని నేర్చుకున్న స్టీఫెన్ బెలాట్‌కు కూతురునిచ్చి చేయాలనుకుంది. కుర్రవాణ్ణి ఒప్పించమని షేక్‌స్పియర్‌ను కోరింది. ఆయన మధ్యవర్తిగా మాట్లాడాడు. 1604లో పెళ్లయింది.

మామ ఇస్తానన్న 60 పౌండ్లు ఇవ్వలేదంటూ 1612లో అల్లుడు కోర్టుకెక్కాడు. షేక్‌స్పియర్ వచ్చి సాక్ష్యం చెప్పాడు. కుర్రవాడు మంచివాడన్నాడు, తానే ఒప్పించానన్నాడు, కట్నం ఇస్తామన్న మాట నిజమేనన్నాడు. ఎంత అన్నది మాత్రం గుర్తులేదన్నాడు. చివరికి లండన్‌లోని ఫ్రెంచి చర్చి పెద్దలు అల్లుడికి ఆరు పౌండ్ల పైచిలుకు ఇవ్వాలని తేల్చారు.

ఈ కాగితం మూడు వందల ఏళ్లు కట్టల మధ్య ఎవరికీ కనబడకుండా ఉండిపోయింది. అమెరికా నుంచి వచ్చిన చార్లెస్ వాలెస్, హుల్డా వాలెస్ దంపతులు లండన్ రికార్డు ఆఫీసులో లెక్కలేనన్ని పత్రాలు తిరగేసి దాన్ని బయటపెట్టారు. షేక్‌స్పియర్ మామూలుగా మాట్లాడిన మాటను ఒక రాయసగాడు రాసుకుంటే మిగిలింది ఇదే. కింద ఆయన సంతకం ఉంది. ఆరింటిలో ఒకటి.

పరాయివాళ్ల తరఫున మూడు పేజీలు

బ్రిటిష్ లైబ్రరీలో ‘సర్ థామస్ మోర్’ అనే నాటకం రాతప్రతి ఉంది. కొందరు రచయితలు కలిసి రాసింది. అందులో మూడు పేజీలు షేక్‌స్పియర్ చేతిరాత అని చాలామంది పండితులు నమ్ముతారు. వలస వచ్చిన విదేశీయుల మీద లండన్ జనం విరుచుకుపడుతుంటే, రేపు మీరే దేశం వదలాల్సి వస్తే మిమ్మల్ని ఎవరు ఆదరిస్తారని కథానాయకుడు మోర్ అడిగే ఘట్టం అది. ఆనాటి ప్రభుత్వ పరిశీలకుడు అల్లరి దృశ్యం తీసేయమన్నాడు. వలస కుటుంబం ఇంట్లో అద్దెకున్న మనిషి కలం నుంచి ఆ మాటలు రావడం నాకు ఎంతో సహజమనిపిస్తుంది.

ఫిరంగి నిప్పు

1613 జూన్ 29న గ్లోబ్‌లో ‘ఎనిమిదవ హెన్రీ’ ఆడుతున్నారు. రాజుగారి రాక కోసం ఫిరంగి పేల్చారు. నిప్పురవ్వ గడ్డికప్పు మీద పడింది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. గంట గడిచేసరికి శాలంతా బూడిద. ప్రాణనష్టం జరిగినట్టు ఆనాటి ఉత్తరాల్లో లేదు. ఒకాయన లాగుకు నిప్పంటుకుంటే సీసాలోని బీరు పోసి ఆర్పారని మాత్రం సర్ హెన్రీ వాటన్ అనే ఆయన ఒక ఉత్తరంలో రాశాడు. మరుసటి ఏడు మళ్లీ కట్టారు. 1642లో పార్లమెంటు నాటకాలను నిషేధించడంతో అదీ మూతపడింది.

ఇప్పుడు లండన్‌లో ఉన్న గ్లోబ్ 1997లో తెరుచుకుంది. దానికోసం దశాబ్దాలు తపించినవాడు శామ్ వానమేకర్ అనే అమెరికన్ నటుడు. పూర్తికాకముందే 1993లో ఆయన పోయాడు. 1666 నాటి మహాగ్నిప్రమాదం తరువాత లండన్ నగరంలో మళ్లీ గడ్డికప్పు వేసిన మొదటి కట్టడం ఇదే.

మంచం, మూడు ఉంగరాలు

1616 మార్చి నాటి వీలునామాలో భార్యకు ‘రెండో మేలైన మంచం’ ఇచ్చినట్టు ఉండటం చూసి, ఆమె మీద ప్రేమ లేదని చాలామంది అనుకున్నారు. కానీ ఆ రోజుల్లో మేలైన మంచం చుట్టాల కోసం ఉంచేవారు. దంపతులు పడుకునేది రెండోదాని మీదే అయి ఉండవచ్చు. అదే వీలునామాలో, స్మారకంగా ఉంగరాలు చేయించుకోమని ముగ్గురు తోటి నటులకు తలా 26 షిల్లింగుల 8 పెన్నీలు రాశాడు. ఆ ముగ్గురూ జాన్ హెమింజెస్, రిచర్డ్ బర్బేజ్, హెన్రీ కాండెల్. బర్బేజ్ 1619లో పోయాడు. మిగిలిన ఇద్దరూ ఆ ఉంగరాల రుణం తీర్చుకున్నారు.

రుణం తీర్చిన పుస్తకం

1623 చివర్లో హెమింజెస్, కాండెల్ పూనికతో ‘ఫస్ట్ ఫోలియో’ వచ్చింది. తొమ్మిది వందల పేజీలు దాటిన పెద్ద పుస్తకం, 36 నాటకాలు. అందులో 18 అంతకుముందు అచ్చు ముఖం చూడలేదు. ‘మాక్బెత్’, ‘జూలియస్ సీజర్’, ‘ట్వెల్త్ నైట్’, ‘ది టెంపెస్ట్’ ఆ పద్దెనిమిదిలోవే. తమకు లాభం, కీర్తి అక్కర్లేదని, మిత్రుడి జ్ఞాపకం నిలిస్తే చాలని వాళ్లు ముందుమాటలో చెప్పుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూసిన భార్య యాన్ ఆ పుస్తకాన్ని చూడలేకపోయింది.

సుమారు 750 ప్రతులు వేశారని అంచనా. 230కి పైగా ఇప్పటికీ ఉన్నాయి. అందులో 82 ప్రతులు అమెరికాలోని వాషింగ్టన్‌లో, ఫోల్జర్ షేక్‌స్పియర్ లైబ్రరీలో ఉన్నాయి. 2020లో ఒక ప్రతి న్యూయార్క్ వేలంలో దాదాపు కోటి డాలర్లు పలికింది.

ఆగిన వంశం

చిన్నకూతురు జూడిత్ తన మొదటి బిడ్డకు పుట్టింటి పేరు నిలపాలని షేక్‌స్పియర్ అనే పేరు పెట్టుకుంది. తాత పోయిన ఏడే, 1616 నవంబరులో బాప్టిజం. ఆరు నెలలు నిండకుండానే ఆ పసివాడు పోయాడు. మిగతా ఇద్దరు కొడుకులూ 1639లో కొద్ది వారాల తేడాతో చనిపోయారు. సుసానా కూతురు ఎలిజబెత్ 1670లో పిల్లలు లేకుండా కన్నుమూయడంతో నాటకకర్త నేరు వంశం ముగిసింది.

ఆయన కొన్న న్యూ ప్లేస్ ఇల్లూ నిలవలేదు. తరువాతి కాలంలో ఆ స్థలం యజమాని అయిన ఫ్రాన్సిస్ గాస్ట్రెల్ అనే మతగురువు, చూడవచ్చే జనంతో విసిగి పెరట్లోని మల్బరీ చెట్టు కొట్టించాడు, 1759లో అక్కడున్న ఇంటినే పడగొట్టించాడు.

మాటలన్నీ ఆయనవేనా?

ఇంగ్లిషులో 1,700 మాటలు షేక్‌స్పియర్ పుట్టించినవేనని తరచూ చదువుతుంటాం. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కోసం పాత ప్రయోగాలు వెతికినవాళ్లు ఆయన పుస్తకాలను మిగతావాటికన్నా నిశితంగా చదివారు. అందువల్ల ఎన్నో మాటలకు తొలి ఆధారంగా ఆయన పేరే పడింది. పాత పుస్తకాలు కంప్యూటర్లలోకి ఎక్కాక, వాటిలో చాలా మాటలు అంతకుముందే వాడుకలో ఉన్నాయని తేలింది. దాంతో ఆయన గొప్పతనం తరగదు. జనం నోట ఉన్న మాటను సరైన చోట, సరైన పాత్ర నోట పెట్టి చిరంజీవిని చేశాడు.

ఆకాశంలో జూలియెట్

యురేనస్ గ్రహానికి రెండు ఉపగ్రహాలున్నాయని 1787లో విలియం హెర్షెల్ కనిపెట్టాడు. 1852లో ఆయన కొడుకు జాన్ హెర్షెల్ వాటికి ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’లోని టైటానియా, ఒబెరాన్ పేర్లు పెట్టాడు. ఆ ఒరవడే సాగింది. 1986లో వోయేజర్ 2 ఆ గ్రహం పక్కనుంచి వెళ్లాక బయటపడిన వాటికి జూలియెట్, డెస్డిమోనా, కార్డీలియా, ఒఫీలియా అన్నారు. భూమి మీద నాటకాల్లో చనిపోయిన ఆ నలుగురు అమ్మాయిలూ ఇప్పుడు ఒకే గ్రహం చుట్టూ తిరుగుతున్నారు.

అట్టమీద లేని పేరు

బడిపిల్లలు షేక్‌స్పియర్‌ను మొదట కలుసుకునేది చాలాసార్లు ‘టేల్స్ ఫ్రమ్ షేక్‌స్పియర్’లో. 1807లో వచ్చిన ఈ పుస్తకంలో 20 కథలున్నాయి. వాటిలో 14 రాసింది మేరీ లామ్. విషాదాంతాలు ఆరు రాసింది తమ్ముడు చార్లెస్. మొదటి ముద్రణ మీద వేసింది తమ్ముడి పేరొక్కటే. ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా అక్క పేరు కూడా తలుచుకోవడం మన ధర్మం.

తెలుగు నోట

1870లలోనే వావిలాల వాసుదేవశాస్త్రి ‘జూలియస్ సీజర్’ను ‘సీజరు చరిత్రము’గా తెలుగు చేశారు. తెలుగులోకి వచ్చిన తొలి ఇంగ్లిషు నాటకాల్లో అది ఒకటి. కవలల తికమకలతో నడిచే ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను కందుకూరి వీరేశలింగం ‘చమత్కార రత్నావళి’ చేసి, 1880 ప్రాంతంలో రాజమహేంద్రవరంలో తన విద్యార్థులతో ఆడించారు. తెలుగు నాటకం అప్పుడప్పుడే అడుగులు నేర్చుకుంటున్న కాలం అది.

1949లో వాహిని సంస్థ తీసిన ‘గుణసుందరి కథ’కు పునాది ‘కింగ్ లియర్’. దర్శకుడు కె.వి. రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు. తండ్రికి నచ్చే మాట చెప్పిన ఇద్దరు అక్కలు, మనసులో ఉన్నదే చెప్పి ఆగ్రహానికి గురైన చిన్నకూతురు. లియర్ కథలో ఆ కూతురు చనిపోతుంది; పింగళివారు ఆమెను జానపద కథా మార్గంలో నడిపించి, బతికించి, ఇల్లు చేర్చారు. ఆ సినిమా చూసి కంటతడి పెట్టిన మన అమ్మమ్మల్లో ఎందరికో షేక్‌స్పియర్ పేరు తెలియదు. ఆయన కథ మాత్రం తెలుసు.

దీపావళి కార్డుల అట్ట

దక్షిణాఫ్రికాలోని రాబెన్ దీవి జైలు. 1970లలో అక్కడ సన్నీ వెంకటరత్నం అనే రాజకీయ ఖైదీ ఉండేవాడు. పేరు వింటేనే మనవాడనిపిస్తుంది. ఆయన దగ్గర షేక్‌స్పియర్ సంపూర్ణ రచనల పుస్తకం ఉండేది. కాపలావాళ్లు లాక్కోకుండా, ఇంటినుంచి వచ్చిన దీపావళి కార్డులను దాని అట్టకు అంటించాడు. దేవుళ్ల బొమ్మలు చూసి వాళ్లు దాన్ని మతగ్రంథం అనుకుని వదిలేశారు.

ఆ పుస్తకం ఒక గది నుంచి ఇంకో గదికి చేతులు మారింది. తోటి ఖైదీలు చదివి, తమకు నచ్చిన చోట గుర్తు పెట్టి సంతకం చేశారు. వాల్టర్ సిసులు ‘వెనీసు వర్తకుడు’లో షైలాక్ తాను ఓర్చుకున్న అవమానాలను చెప్పే చోట చేశాడు. నెల్సన్ మండేలా ‘జూలియస్ సీజర్’ను ఎంచుకున్నాడు. పిరికివాడికి ఎన్నో చావులని, ధైర్యవంతుడికి ఒకటేనని సీజర్ చెప్పే చోట సంతకం చేసి, 1977 డిసెంబరు 16 అని తేదీ వేశాడు. షేక్‌స్పియర్ మిత్రులిద్దరూ ఫోలియోలో చేర్చకపోయి ఉంటే ఆ నాటకం ఆ దీవిదాకా వచ్చేదే కాదేమో.

షేక్‌స్పియర్ సంతకాలు లోకంలో ఆరే మిగిలాయి. ఆ ఒక్క పుస్తకంలో ముప్పై మందికి పైగా ఖైదీల సంతకాలున్నాయి.